ఓడరేవు ఊరి పార్లమెంటు సీటు

తొలి సాధారణ ఎన్నికల్లో విశాఖపట్నం లోక్‌సభ స్థానం నుంచి ఢిల్లీకి వెళ్లింది ఒక్కరు కాదు, ఇద్దరు. అప్పటికి ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉంది. కొన్ని నియోజకవర్గాలకు ఇద్దరేసి సభ్యులుండేవారు: ఒకటి జనరల్ సీటు, రెండోది ఎస్సీలకో ఎస్టీలకో కేటాయించినది. ఓటరుకు రెండు ఓట్లు. ఒక్కో అభ్యర్థికి గుర్తు అతికించిన పెట్టె వేరుగా ఉండేది, నచ్చిన పెట్టెలో చీటీ వేసి రావడమే. అలా 1952లో విశాఖ గెలిపించిన ఇద్దరూ స్వతంత్రులే. జనరల్ సీటులో అర్థశాస్త్రం, అంతర్జాతీయ వ్యవహారాలు ఎరిగిన రచయిత డాక్టర్ లంకా సుందరం. ఎస్టీ సీటులో గాం మల్లుదొర.

ఈ రెండో పేరు దగ్గర కాసేపు ఆగాలి. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం సోదరుల్లో గంటందొర 1924లో బ్రిటిష్ బలగాల కాల్పుల్లో నేలకొరిగాడు. తమ్ముడు మల్లుదొర పట్టుబడి, అండమాన్ జైలు చూసి, బతికి బయటపడ్డాడు. ఏ ప్రభుత్వం మీద తుపాకీ ఎత్తాడో ఆ ప్రభుత్వం పోయాక, జనం ఓట్లతో తొలి లోక్‌సభలో కూర్చున్నాడు. మన్యం తిరుగుబాటు మీద మనకు ఎన్ని పాటలున్నా, ఎన్ని సినిమాలున్నా, ఆ తిరుగుబాటులోంచి నేరుగా పార్లమెంటుకు నడిచి వెళ్లిన మనిషి ఊసు నగరంలో ఎక్కడా గట్టిగా వినబడదు. ఇది నాకు బాధగా ఉంటుంది.

1957 నాటికి స్థానం రూపు మారి ఒక్క సభ్యుడికే పరిమితమైంది. విజయనగరం సంస్థాన వారసుడు పి.వి.జి. రాజు సోషలిస్టుగా గెలిచారు. కోట ఉన్న రాజు లోహియా బాట పట్టడం ఆ రోజుల్లోనూ వింతే. 1960 ఉప ఎన్నికలో ఆయన బాబాయి, క్రికెట్ లోకం ‘విజ్జీ’ అని పిలిచే విజయ ఆనంద్ గెలిచారు. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టుకు కెప్టెన్ ఆయనే. 1962లో మళ్లీ నెగ్గి, 1965 డిసెంబరులో కన్నుమూశారు.

అక్కడితో సంస్థానాల ముచ్చట వెనక్కి తగ్గి, ఉక్కు ముందుకొచ్చింది.

1933లో ఓడరేవు తెరుచుకుంది. 1948లో నెహ్రూ చేతుల మీదుగా ‘జల ఉష’ నౌక సముద్రంలోకి దిగింది. నౌకా నిర్మాణ కేంద్రం, తర్వాత చమురు శుద్ధి కర్మాగారం ఊరిని పెంచుతూ వచ్చాయి. 1951లో లక్ష పైచిలుకు జనాభా ఉన్న పట్నానికి ఉత్తరాంధ్ర పల్లెల నుంచి, గోదావరి జిల్లాల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి జనం దిగారు. ఐదో ఉక్కు కర్మాగారం విశాఖకే ఇవ్వాలని నిపుణుల బృందం చెప్పినా కేంద్రం తేల్చలేదు. 1966 అక్టోబరులో గుంటూరు జిల్లాకు చెందిన టి. అమృతరావు విశాఖలో ఆమరణ దీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న నగరంలో కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతా కలిపి ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న మాట గోడల మీదికి, గొంతుల్లోకి ఎక్కింది అప్పుడే.

మూడు నాలుగు నెలలకే ఎన్నికలు. ఉద్యమంలో ముందు వరసలో నిలిచిన తెన్నేటి విశ్వనాథం 1967లో స్వతంత్రుడిగా గెలిచారు. ప్రకాశం పంతులుకు కుడిభుజంగా మెలిగిన మనిషి, ఆంధ్ర రాష్ట్ర తొలి మంత్రివర్గ సభ్యుడు. ఈ స్థానం చరిత్రలో ఇంతకు మించిన ఎన్నిక లేదని నా నమ్మకం. ఒక ఊరు తన కోరికను ఒకే మనిషి పేరు మీద రాసి ఢిల్లీకి పంపింది. 1970 ఏప్రిల్‌లో ఇందిరా గాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు, 1971 జనవరిలో శంకుస్థాపన చేశారు. ఆ ఏడాదే జరిగిన ఎన్నికల్లో పి.వి.జి. రాజు ఈసారి కాంగ్రెస్ తరఫున గెలిచారు.

1977లో ద్రోణంరాజు సత్యనారాయణ, 1980లో కొమ్మూరు అప్పలస్వామి, ఇద్దరూ కాంగ్రెస్. 1984లో తెలుగుదేశం గాలికి భాట్టం శ్రీరామమూర్తి, 1989లో కాంగ్రెస్ నుంచి ఉమా గజపతిరాజు. ఆ తర్వాత కథ వేరే దారి పట్టింది.

1991లో గెలిచిన ఎం.వి.వి.ఎస్. మూర్తి తూర్పుగోదావరి నుంచి వచ్చి ఇక్కడ గీతం విద్యాసంస్థలు నిలబెట్టినవారు. 1996, 1998లలో గెలిచిన టి. సుబ్బరామిరెడ్డిది నెల్లూరు, ఆర్కే బీచ్‌లో శివరాత్రి ఉత్సవాలతో ఇంటింటికీ తెలిసిపోయారు. 1999లో మళ్లీ మూర్తి. 2004లో మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి, ఆయనా నెల్లూరే. 2009లో బాపట్ల నుంచి మారి వచ్చిన పురందేశ్వరి. 2014లో బీజేపీ నుంచి ఆంధ్రా యూనివర్సిటీ ఆచార్యుడు కంభంపాటి హరిబాబు, కడప జిల్లా నుంచి వచ్చిన వై.ఎస్. విజయమ్మను 90,488 ఓట్ల తేడాతో ఓడించారు. ప్రతిసారీ ‘స్థానికుడా, స్థానికేతరుడా’ అన్న గొడవ లేచేది, ప్రతిసారీ సద్దుమణిగేది. నగరంలో చాలా కుటుంబాలు తామే ఎక్కడి నుంచో వచ్చినవి కదా, ఆ ప్రశ్న ఇక్కడ వేళ్లూనలేదు.

2008 పునర్విభజన తర్వాత నగరంలో తూర్పు, పశ్చిమ, ఉత్తర, దక్షిణ సీట్లు నాలుగు, పక్కనే గాజువాక, తీరం వెంట భీమిలి, విజయనగరం జిల్లాకు చెందిన శృంగవరపుకోట కలిసి ఈ స్థానం అయింది. నగర సీటు అంటాం గానీ ఎస్.కోట పొలాలు, భీమిలి మత్స్యకార పల్లెలు కూడా ఇందులోనివే. 2019లో ఆ సంగతి అందరికీ తెలిసొచ్చింది. నగరంలోని నాలుగు అసెంబ్లీ సీట్లూ తెలుగుదేశానికి పోయాయి. గాజువాక, భీమిలి, ఎస్.కోట వైఎస్సార్ కాంగ్రెస్‌కు వెళ్లాయి; గాజువాకలో పవన్ కల్యాణే ఓడారు. లోక్‌సభకు మాత్రం జనసేన అభ్యర్థి, సీబీఐ మాజీ అధికారి లక్ష్మీనారాయణకు 2.88 లక్షల ఓట్లు పడ్డాయి. మూడో స్థానంలో నిలిచిన మనిషికి అన్ని ఓట్లు! చివరికి వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి ఎం.వి.వి. సత్యనారాయణ, తెలుగుదేశం అభ్యర్థి, మూర్తి మనవడు శ్రీభరత్ మీద 4,414 ఓట్లతో గట్టెక్కారు. ఒకే రోజు, ఒకే బూత్‌లో ఎమ్మెల్యేకు ఒకరిని, ఎంపీకి మరొకరిని ఎంచుకున్న ఓటర్లు వేల మంది. ఇది తడబాటు అనుకోను. 1952లో రెండు చీటీలు రెండు పెట్టెల్లో వేసిన తెలివే ఇదీ.

2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం ఉక్కు కర్మాగారంలో నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కర్మాగారం కోసం 64 ఊళ్లు నేల వదులుకున్నాయి. ఆ నిర్వాసితుల్లో ఆర్ కార్డు (పునరావాస కార్డు) చేతిలో పెట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ముసలివాళ్లయినవారు గాజువాక చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు. ఫిబ్రవరిలో తెలుగుదేశం నేత పల్లా శ్రీనివాసరావు అక్కడే నిరాహార దీక్షకు దిగారు. 2009లో ప్రజారాజ్యం తరఫున ఇదే లోక్‌సభ స్థానానికి పోటీ చేసి ఓడినది ఆయనే. 2024లో శ్రీభరత్ 5,04,247 ఓట్ల మెజారిటీతో, రాష్ట్రంలోకెల్లా పెద్ద తేడాతో ఎంపీ అయ్యారు. గాజువాకలో పల్లా 95,235తో అసెంబ్లీ మెజారిటీల్లో రాష్ట్రంలోనే మొదటి వరసకెక్కారు. 2025 జనవరిలో కేంద్రం కర్మాగారానికి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. కాంట్రాక్టు కార్మికుల తొలగింపుల మీద, సొంత ఇనుప గనుల కోసం కార్మిక సంఘాల పోరు ఆ తర్వాత కూడా ఆగలేదు. ఎంపీ ఏ పార్టీ మనిషైనా, కూర్మన్నపాలెం గేటు దగ్గర కార్మికులు ముందుగా అడిగేది కర్మాగారం గురించే.