పిడికెడు బియ్యం

ఈ మధ్య నా పాత టీమ్‌మేట్ ఒకతను ఒక విన్నపం పంపించాడు. ఖమ్మం వైపు వాళ్ళ ఊరి చర్చికి రేకులు తీసేసి స్లాబ్ వేయిస్తున్నారట. పక్కనే ఒక గది కట్టి సాయంత్రాలు పిల్లలకి ట్యూషన్లు, నెలకోసారి బీపీ, షుగర్ పరీక్షలు పెడతారట. తోచినంత ఇమ్మని అడిగాడు. మనకి ఇవేం కొత్త కాదు. మా ఊరి రామాలయం ధ్వజస్తంభానికి, హైస్కూలు ప్రహరీ గోడకి, వినాయక చవితి పందిరికి ఏటా ఏదో ఒక రసీదు పుస్తకం మన వైపు వస్తూనే ఉంటుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ మాట ఎత్తితే ఒక కొలీగ్ నవ్వాడు. "వాళ్ళకి మన చందాలెందుకు బాస్, డాలర్లొస్తాయిగా? బియ్యం ఇచ్చి మతం మార్చినవాళ్ళు స్లాబ్ వేయించలేరా?" అన్నాడు. టేబుల్ మీద ఇంకో ఇద్దరు నవ్వారు. నేనూ సగం నవ్వాను, అది ఒప్పుకోవాలి. మా పాత టీమ్‌మేట్ ఆ టేబుల్ మీద లేడు కాబట్టి సరిపోయింది.

ఆ రాత్రి నుంచి నన్ను పట్టుకున్నది డాలర్ల సంగతి కాదు. ఆ లెక్క తేల్చడం తేలికే. విదేశీ విరాళాలకి 1976 నుంచీ చట్టం ఉంది, 2010లో కొత్తది వచ్చింది, 2020 సవరణ తర్వాత ఆ సొమ్మంతా ముందు ఢిల్లీలోని ఒక స్టేట్ బ్యాంకు శాఖలోనే పడాలి. రిజిస్ట్రేషన్ లేని పల్లెటూరి చర్చి ఆ డబ్బు ముట్టుకోలేదు. నన్ను పట్టుకున్నది బియ్యం. 'బియ్యం క్రైస్తవులు' అనే ఎగతాళి మాట ఇంగ్లీషులో వందేళ్ళకి పైగా ఉంది. మన జిల్లాల్లో ఆ బియ్యం అసలు ఏ వైపు నుంచి ఏ వైపుకి నడిచిందో చూద్దామని కొన్ని వారాంతాలు చదువుతూ కూర్చున్నాను.

మొదట ఒంగోలు. 1866లో అక్కడికి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ, అంతకు ముందు తన దేశంలో భూముల సర్వేయరు. 1876-78 మహా కరువు వచ్చింది. మద్రాసు ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌ తన పాత వృత్తిని గుర్తు చేసుకుని, అందులో మూడున్నర మైళ్ళ తవ్వకానికి కాంట్రాక్టు తీసుకున్నాడు. ఊరికే గంజి పోయకుండా కూలి ఇచ్చాడు. పని చేసినవాళ్ళలో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారు, ముఖ్యంగా మాదిగలు. ఇక్కడ నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఒకటుంది. ఆ కరువు సాయం నడిచినంత కాలం, దాదాపు 15 నెలలు, ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి కోసం వచ్చారనే మాట పడకూడదని. సాయం ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

అంటే కరువుకీ మతానికీ సంబంధం లేదా? ఉంటుంది, ఎందుకుండదు. ఆకలి రోజుల్లో అన్నం పెట్టినవాళ్ళని ఎవరు మర్చిపోతారు? డొక్కా సీతమ్మ గారిని గోదావరి జిల్లాలు ఇప్పటికీ తల్చుకుంటున్నాయి కదా. కాలువ గట్టు మీద కూలి డబ్బు చేతిలో పెట్టి, మనిషిగా పలకరించినవాణ్ణి మాదిగపల్లె గుర్తు పెట్టుకుంటే దాన్ని లంచం అనాలంటే నాకు నోరు రాదు.

రెండోది మెదక్. అక్కడి చర్చి మనందరికీ తెలిసిందే, వారాంతం డ్రైవ్‌లో చూసి ఫొటోలు దిగి వచ్చేదే. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ పూనుకుని కట్టించాడు, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ. గోపురం ఎత్తు 175 అడుగులు. కరువులో ఊరికే అన్నం పెట్టకుండా పని కల్పించి కట్టించారని మెదక్‌లో ఎవర్నడిగినా చెప్తారు. చార్మినార్‌తో ఎత్తు పోటీ కథ కూడా చెప్తారు, అది మీరూ వినే ఉంటారు. ఇక్కడ మాత్రం మా కొలీగ్ మాటలో సగం నిజం. సొమ్ము ఎక్కువగా ఇంగ్లండులోని విశ్వాసుల దగ్గర పోగు చేసిందే, చెమట మన వాళ్ళది.

ఇక్కడితో ఆగి ఉంటే నాకు పెద్దగా రాయడానికి ఏమీ ఉండేది కాదు. మూడోది డోర్నకల్. విజయవాడ నుంచి కాజీపేట వెళ్ళే ప్రతి ఒక్కళ్ళూ ఆ జంక్షన్ దాటారు, దిగినవాళ్ళు తక్కువ. సింగరేణి బొగ్గు లైను చీలేది అక్కడే. ఆ ఊరికి 1909లో తిరునల్వేలి తమిళుడొకాయన మిషనరీగా వచ్చాడు. పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య, 1874లో పుట్టాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ని బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు.

అసలు విశేషం ఆయన ఇక్కడికి ఎలా వచ్చాడన్నది. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు సొంతంగా ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు, పెట్టినవాళ్ళలో అజరయ్యే ముఖ్యుడు. మన డబ్బు, మన మనుషులు, మన నిర్వాహకం అన్నది వాళ్ళ పట్టుదల. బెంగాల్లో స్వదేశీ ఉద్యమం మొదలైంది 1905లో, ఇది అంతకు రెండేళ్ళ ముందు! తమిళ పల్లెల్లో పోగైన అణాలూ పైసలూ నిజాం రాజ్యంలో తెలుగువాళ్ళ కోసం ఖర్చయ్యాయి. ఈ ముక్క నేను కాలేజీలో ఉండగా ఏ చరిత్ర పుస్తకంలోనూ చదివిన గుర్తు లేదు.

ఇక డోర్నకల్ అధ్యక్ష మండలంలో చేరినవాళ్ళు ఎవరు? ఎక్కువమంది మాలలు, మాదిగలు. దొరల పొలాల్లో పని, వెట్టి. కూలి రూపాయల్లో కాదు, గింజల్లో. ఆ గింజలు కూడా చాలా ఇళ్ళల్లో జొన్నలే, బియ్యం పండగకి. అలాంటివాళ్ళ దగ్గర చందా పుస్తకం పట్టుకుని వెళ్తే ఏం వస్తుంది? జేబే లేని మనిషిని జేబులోంచి తియ్యమనడమే. అప్పుడు అజరయ్య, ఆయన భార్య అన్బు, వాళ్ళతో పనిచేసిన తెలుగు గురువులూ ఆశ్రయించిన పద్ధతి పిడికెడు బియ్యం. అది వాళ్ళు కనిపెట్టిందేం కాదు. సన్యాసికీ హరిదాసుకీ మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో పిడికెడు వేస్తూనే ఉన్నారు.

పద్ధతి చాలా సింపుల్. వంటకి గింజలు కొలుచుకున్నాక, ఎసట్లో వేసే ముందు, ఇల్లాలు అందులోంచే ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. పూటపూటకీ. ఆదివారం ఆ కుండ గుడికి వెళ్తుంది. సంఘం దాన్ని అమ్మి డబ్బు చేస్తుంది, లేదా గురువు కుటుంబానికి ఇస్తుంది, లేదా ఊళ్ళో దిక్కులేని వాళ్ళకి పెడుతుంది. నేను మా వంటింట్లో తూకం వేసి చూశాను, నా పిడికిలి 45 గ్రాములు. (మా ఆవిడ ఇదేం పిచ్చి అన్నట్టు చూసింది.) రోజుకి రెండు పూటలు, 30 రోజులు అంటే 2.7 కేజీలు. 50 గడపలున్న పేటలో నెలకి 135 కేజీలు, అంటే ఐదు పాతిక కేజీల బస్తాలకి పైనే. ఎవరి కంచంలోనూ పెద్దగా తగ్గినట్టు తెలియదు, పోగు మాత్రం కనబడుతుంది. మన జీతంలో పీఎఫ్ కోత కూడా ఇదే సూత్రం, చేతికి రాకముందే తీసెయ్యడం.

ఏడాదికోసారి కోత పండుగ ఉంటుంది. దాన్ని చూడని వాళ్ళ కోసం చెప్తాను. మొదటి పంటలోంచి ఎవరికి కలిగింది వాళ్ళు తెస్తారు. వడ్ల మూట, గుమ్మడికాయ, అరటి గెల, గుడ్లు, కాళ్ళు కట్టిన కోడిపుంజు. ఆరాధన అయ్యాక చెట్టు కింద వేలంపాట. బజార్లో పదో వంతు కూడా చెయ్యని గుమ్మడికాయని ఒకాయన పంతం పట్టి పాడతాడు, డబ్బు కట్టి కాయ మళ్ళీ సంఘానికే ఇచ్చేస్తాడు, దాన్ని మళ్ళీ పాటకి పెడతారు. ఒకే కోడి ఒక్క మధ్యాహ్నం నాలుగు చేతులు మారడం నేను స్వయంగా చూశాను. కోడి మొహం చూడాలి!

డోర్నకల్ కెథడ్రల్ ప్రతిష్ఠ 1939 జనవరి 6న జరిగింది. ఆయన బిషప్ అయిన రోజు నుంచి లెక్కేస్తే 26 ఏళ్ళు. మెదక్ గోతిక్ గోపురానికీ దీనికీ పోలికే లేదు. దూరం నుంచి మసీదు గుమ్మటాలు, దగ్గరకెళ్తే గుడి మండపం స్తంభాలు. చుట్టుపక్కల రైతుకూలీలకి అది తమ ఊరి కట్టడంలా కనబడాలని ఆయన కోరిక. ఇంగ్లండు సొసైటీల సాయం డోర్నకల్‌కి అందలేదని నేను అనడం లేదు, అందింది, గట్టిగానే అందింది. దాని పక్కనే కుండల లెక్క కూడా నడిచింది అంటున్నాను. ఆ 1939లోనే ఆయన క్రైస్తవులు ఇవ్వడం గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకం కూడా అచ్చు వేశాడు. పేదవాళ్ళని ఇవ్వమని అడగకపోవడం వాళ్ళ మీద దయ అనుకోవడం తప్పు అనేది ఆయన జీవితమంతా పట్టుకున్న మాట.

ఈ మాట దగ్గర నాకు కొంచెం తకరారు ఉంది. ఆకలితో ఉన్న ఇంట్లోంచి పిడికెడు తీసుకోవడం సబబేనా? ఆ పిడికెడు తగ్గింది ఎవరి కంచంలో? వండి వడ్డించి ఆఖర్న తినే ఆడమనిషి కంచంలోనే అయ్యుంటుంది, అది మన దేశంలో ఏ మతానికైనా ఒకటే. నేటి రోజుల్లో దశమభాగం పేరు చెప్పి టీవీల్లో భయపెట్టేవాళ్ళని చూస్తే నాకు ఈ అనుమానం ఇంకా పెరుగుతుంది.

కానీ ఇంకో వైపు కూడా చూడాలి. మా ఊరి గుడి చందా పుస్తకంలో దళితవాడ పేర్లు ఒక పేజీలో వేరేగా ఉండేవి. డబ్బు తీసుకునేవాళ్ళు, గడప దాటనిచ్చేవాళ్ళు కాదు, లెక్క అడిగే ధైర్యం వాళ్ళకి ఎక్కడిది? పిడికెడు వేసినావిడ మాత్రం సంఘం మీటింగులో లేచి, పోయిన నెల గింజలు ఎంతకి అమ్మారని అడగొచ్చు. తరతరాలుగా చేతులు చాచి గింజలు తీసుకున్న మనిషికి, నీ దగ్గర కూడా ఇవ్వడానికి ఉంది అని చెప్పడం చిన్న సంగతి కాదు. 1930ల్లో గాంధీ గారు హరిజనుల మతమార్పిడిలో ప్రలోభం ఉందని గట్టిగా విమర్శిస్తున్నప్పుడు, ఆ విమర్శ తగిలినవాళ్ళలో అజరయ్య ముఖ్యుడు. అదే అజరయ్య క్రైస్తవులకి ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నాడు.

ఈ పద్ధతిని ఎంత దూరం తీసుకెళ్ళొచ్చో చూడాలంటే మిజోరం చూడాలి. అక్కడ 1910లో మొదలైన పిడికెడు బియ్యం ఇప్పటికీ నడుస్తోంది, వాళ్ళ భాషలో 'బుహ్‌ఫాయ్ థామ్'. ప్రెస్బిటేరియన్ చర్చికి దాని మీద ఏటా వచ్చేది కోట్లలో. బియ్యం కుండలోంచే!

ఇంతకీ ఆ విన్నపం. దానికి జత చేసిన లెక్కల కాగితాన్ని మొదటిసారి నేను తెరవలేదు, మనం ఎవరం తెరుస్తాం గనక. మొన్న తెరిచాను. ఇప్పటిదాకా వచ్చింది చేత్తో రాసిన పట్టీ. ఊరి నుంచి హైదరాబాదు వెళ్ళిన ఉద్యోగుల పేర్లు, ఒక సిమెంటు కొట్టాయన 20 బస్తాలు, పక్క వీధి రామాలయం కమిటీ 5,116 రూపాయలు. నాలుగో వరసలో, స్త్రీల మైత్రి, పిడికెడు బియ్యం, పదకొండు నెలలది, 38,450 రూపాయలు. నేను పంపింది దానికంటే తక్కువ. ఆ కాగితం ప్రింటు తీసి మర్నాడు భోజనాల టేబుల్ దగ్గరికి పట్టుకెళ్ళాను. మా కొలీగ్ చాలాసేపు చూసి, "ఈ రామాలయం కమిటీ ఎవరు బాస్?" అని అడిగాడు.