కమతం: దివాణం నేల నుంచి రైతు పొలం దాకా

చింతలపూడి, నూజివీడు వైపు ఇప్పుడు కమతమంటే రైతు చేతిలో ఉన్న సాగుభూమి. రెండెకరాల మామిడితోటా కమతమే, ఎకరం మెట్టా కమతమే. సర్కారు వ్యవసాయ లెక్కలూ కమతాల చొప్పునే తీస్తారు. జమీందారీ రోజుల్లో మాత్రం ఈ మాట కౌలుదారు గుండెల్లో రాయి పడేసేది.

అప్పట్లో కమతమంటే దివాణం సొంత సాగు. జమీందారు రైతులకు వదలకుండా తన కింద ఉంచుకుని, తన అరకలతో, తన పాలేర్లతో దున్నించుకున్న నేల. 1855లో విల్సన్ కూర్చిన రెవెన్యూ పదకోశంలోనూ ఈ అర్థం ఉంది. ఆ నేలలో పనిచేసేవాడు కమతగాడు. ఇంగ్లండులో ప్రభువులు తమ సాగుకని అట్టేపెట్టుకున్న డెమీన్ భూమి దీనికి దగ్గరి చుట్టం.

1908లో మద్రాసు ఎస్టేట్ల భూచట్టం వచ్చాక ఈ మాట మీదే కాపురాలు నిలవడమో కూలడమో జరిగింది. జిరాయితీ నేల, అంటే జమీందారు రైతులకు వదిలిన నేల, దున్నే రైతుకు శాశ్వత సాగుహక్కు దక్కింది. కమతాన్ని కౌలుకు తీసుకుని దున్నేవాడికి ఆ అండ లేదు, కౌలు గడువు తీరితే దిగిపోవాల్సిందే. అందుకని వీలైనంత నేలను కమతమనిపించుకోవడం జమీందార్లకు లాభం. చట్టం ఇక్కడ రైతు పక్షాన నిలిచింది. జమీందారు రుజువు చేసేదాకా ఏ నేలనూ అతని సొంతమని అనుకోకూడదంది. చట్టం రాకముందు వరసగా 12 ఏళ్లు సొంత మనుషులతోనో కూలీలతోనో సేద్యం చేయించి ఉంటే అతనిదేనని ఒప్పుకుంది. చల్లపల్లి జమీందారు కమతం తగాదా మద్రాసు హైకోర్టు దాటి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది.

1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చినప్పుడూ అదే గీటురాయి: జిరాయితీకి రైతు పేర పట్టా, సొంత సాగని తేలిన కమతానికి జమీందారు పేర పట్టా. దివాణాలు పోయాయి. మాటలో ‘సొంత సాగు’ అన్న సారం మిగిలి, చిన్న రైతు పొలానికి అంటుకుందని నా నమ్మకం.

కౌలు రైతు సంగతి మాత్రం ఇంకా తేలలేదు. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం కింద అతనికి దక్కేది 11 నెలల ఒప్పందం. దానికీ భూయజమాని సంతకం కావాలి.