ఓర్వకల్లు రేడియో నుంచి అంతర్జాల పాలన దాకా

చిరునామాలనూ పేర్లనూ ఎవరు కేటాయించాలి, ఏ సమాచారం ఎవరికి ఏ ధరకు చేరాలి, దాన్ని ఎవరు ఎప్పుడు ఆపవచ్చు అన్న నియమాలు ఏర్పడే తీరునే అంతర్జాల పాలన అంటారు. ఇందులో ప్రభుత్వానికీ వ్యాపారానికీ వెలుపల నిలిచి మాట్లాడే ప్రజాసంఘాలకు, హక్కుల సంస్థలకు పౌరసమాజమని పేరు. తెలుగునాట ఈ చరిత్రను హైదరాబాదు నుంచి మొదలుపెట్టవచ్చు గాని, దాని మూలప్రశ్న అంతకు ముందే కర్నూలు జిల్లా మెట్టపొలాల మధ్య రేడియో రూపంలో తలెత్తింది.

ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పినా, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం వాటిని వాడే ప్రత్యేకాధికారం కేంద్రం చేతిలోనే ఉండిపోయింది. 2000 జూలైలో మెదక్ జిల్లా పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆతిథ్యంలో సమావేశమైన సంస్థలు సముదాయ రేడియోకు, అంటే ఒక ఊరి జనమే తమ కోసం నడుపుకొనే రేడియోకు, అనుమతి ఇవ్వాలని కోరాయి. ఆ అనుమతి వచ్చేలోగానే 2002 అక్టోబరులో ఓర్వకల్లు పొదుపు సంఘాల మహిళలు ‘మన రేడియో’ను ప్రారంభించారు, లైసెన్సు లేదన్న కారణంతో 2003 ఫిబ్రవరిలో కేంద్రాధికారులు దాన్ని మూయించారు. వానకూ బ్యాంకు అప్పుకూ ఎదురుచూసే సీమ పల్లెలో ఆడవాళ్లు తమ గొంతుతో తామే మాట్లాడుకోవడానికి దక్కిన గడువు అయిదు నెలలైనా నిండలేదు.

అదే ఏడాది డిసెంబరులో జెనీవాలో జరిగిన ప్రపంచ సమాచార సమాజ శిఖరాగ్ర సభలో పౌరసమాజం తన సొంత ప్రకటనను విడిగా వెలువరించడం గమనార్హం. దాని కొనసాగింపుగా 2005లో ట్యునిస్‌లో జరిగిన సభ ప్రభుత్వాలతో, వ్యాపార సంస్థలతో పాటు పౌరసమాజాన్నీ అంతర్జాల పాలనలో భాగస్వామిగా గుర్తించి, ఏటా చర్చలు జరిపే అంతర్జాల పాలనా వేదికకు దారి వేసింది. ఆ వేదిక మూడో సమావేశం 2008 డిసెంబరు 3 నుంచి 6 వరకు హైదరాబాదులోనే జరిగింది. అక్కడ చర్చలే తప్ప నిర్ణయాలు ఉండవు కనుక దాని ఫలితాన్ని ఎక్కువ చేసి చెప్పనక్కరలేదు. దానికి కొద్ది వారాల ముందు, సముదాయ రేడియోపై 2006 నాటి కొత్త విధానం కింద, అదే మెదక్ జిల్లాలోని మాచనూరులో దళిత మహిళల ‘సంగం రేడియో’ లైసెన్సుతో ప్రసారాలు మొదలుపెట్టగలిగింది; ఈ రెండింటిలో పల్లెకు దగ్గరి విజయం ఇదే.

అంతర్జాలం విషయంలో నిర్ణయాన్నే మార్చిన ఘట్టం 2015లో వచ్చింది. కొన్ని సైట్లను ఉచితంగానో చౌకగానో ఇచ్చి మిగతావాటిని వెనక్కు నెట్టకూడదన్న తటస్థతా సూత్రం కోసం దేశమంతటి నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంఘాలూ ఆ ఉద్యమంలో నిలిచాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ వివక్షాపూరిత ధరలను నిషేధించింది.

ఆపివేత విషయంలో మాత్రం పాత కథే కొనసాగింది. టెలిగ్రాఫ్ చట్టం కిందనే 2017లో టెలికాం సేవల నిలిపివేత నియమాలు వచ్చాయి. నిరవధిక నిలిపివేత చెల్లదనీ, ఉత్తర్వులను ప్రచురించాలనీ 2020 జనవరి 10న సుప్రీంకోర్టు చెప్పిన తరువాత కూడా, 2022 మేలో అల్లర్ల నేపథ్యంలో కోనసీమలో మొబైల్ అంతర్జాలం రోజుల తరబడి ఆగింది. ఇటువంటి ఉత్తర్వులను పరిశీలించే సమీక్షా సంఘాల్లో విశ్రాంత న్యాయమూర్తులకు, పౌరప్రముఖులకు చోటివ్వాలని 2021 డిసెంబరులో పార్లమెంటరీ స్థాయీ సంఘం సిఫారసు చేసింది. 1885 చట్టాన్ని తొలగించి తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం నిలిపివేత అధికారాన్ని 20వ సెక్షన్‌లో నిలుపుకొంది. దాని కింద 2024లో వచ్చిన నియమాల ప్రకారం కూడా సమీక్షా సంఘంలో కూర్చునేవారంతా ప్రభుత్వ కార్యదర్శులే.