రాజుగారి పెళ్లి, అవ్వ పెళ్లి

నేను బడిపంతులును. తెలుగు నాకు ఇంట్లో వచ్చినది కాదు. మన సభ తరగతులలో పలక పట్టి నేర్చుకున్నది. తప్పులుంటే పెద్దలు దిద్దగలరు.

మొన్న తరగతిలో ఒక అమ్మాయి ఇలా అడిగింది: "మాస్టారూ, మనవాళ్లను చెరకు తోటల్లో కూలీలుగా పెట్టింది తెల్లదొరలే కదా. మరి మా ముత్తవ్వ ఇంట్లో దేవుడి పటాల పక్కన ఇంగ్లండు రాజు, రాణి పటం ఎందుకుంది?" వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసమే నా జవాబు.

1860 నవంబరు 16న మద్రాసు నుండి వచ్చిన ట్రూరో ఓడ డర్బన్ రేవులో ఆగింది. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది భారతీయులు గిరిమిట్ మీద నాటాల్ చేరారు. వారిలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు అనేకులు. వారికి కంటికి కనిపించే అధికారులు తోట దొర, సర్దారు, మెజిస్ట్రేటు. ఈ ముగ్గురికీ పైన, కనిపించని చోట, విక్టోరియా రాణి ఉండేది. తన ఇతర ప్రజలపట్ల ఎట్టి బాధ్యత ఉన్నదో భారత ప్రజలపట్ల కూడా అట్టి బాధ్యతే ఉన్నదని ఆమె 1858 నవంబరు 1వ తేదీ ప్రకటనలో మాట ఇచ్చింది. తోట దొరకు ఎదురు చెప్పడానికి మనవారి చేతిలో ఉన్న పెద్ద కాగితం అదొక్కటే.

1897లో రాణి వజ్రోత్సవం జరిగినప్పుడు నాటాల్ భారతీయులు ఆమెకు అభినందన పత్రం పంపారు. దానిపై సంతకం చేసినవారిలో గాంధీగారు ఒకరు. అదే సంవత్సరం నాటాల్ శాసనసభ మనవారి రాకకు, వ్యాపారాలకు అడ్డుకట్టలు వేసే చట్టాలు చేసింది. అంతకు రెండేళ్ల ముందే, గిరిమిట్ ముగిసినా ఇక్కడే ఉండిపోయేవారిపై ఏటా మూడు పౌండ్ల పన్ను విధించింది. కాబట్టి ఆ పత్రంలో భక్తి మాత్రమే చూడరాదు. అందులో అర్జీ కూడా ఉన్నది. గోడమీది పటం కూడా అటువంటిదే. ఇచ్చిన మాట మరచిపోవద్దని రాణికి రోజూ చేసిన మనవి అది.

ఇక రాజకుటుంబపు పెళ్లిళ్ల సంగతి. పెళ్లి అంటే మనవారికి ఎంత ఇష్టమో వేరే చెప్పనక్కరలేదు. 1981 జూలై 29న లండనులో ఛార్లెస్ యువరాజుకు, డయానాకు పెళ్లి జరిగింది. ప్రపంచమంతటా 75 కోట్ల మంది దానిని చూశారని లెక్క చెప్పారు. నాకప్పుడు పన్నెండేళ్లు. పత్రికలో వచ్చిన ఫోటోలను మా అవ్వకు చూపించాను. పెళ్లికూతురి తెల్ల గౌనును, నేలమీద పరచుకున్న దాని పొడుగు అంచును అవ్వ చాలాసేపు చూసింది. తరువాత ఒకే మాట అడిగింది: "రిజిస్టరులో సంతకం పెట్టినారా?"

నాకు నవ్వు వచ్చింది. పెద్దవాడినై చరిత్ర చదివిన తరువాత ఆ నవ్వుకు సిగ్గుపడ్డాను.

మా అవ్వ 1912లో పుట్టింది. ఆమె ఒళ్లో బిడ్డగా ఉండగా, 1913 మార్చి 14న, కేప్ సుప్రీం కోర్టులో సర్ల్ జడ్జిగారు ఒక తీర్పు ఇచ్చారు. బహుభార్యత్వాన్ని అనుమతించే మతం ప్రకారం జరిగిన పెళ్లిని ఈ దేశపు చట్టం గుర్తించదన్నారు. ఆ లెక్కన హిందువుల, ముస్లిముల పెళ్లిళ్లు దాదాపు అన్నీ చెల్లనివయ్యాయి. పసుపుతాడు కట్టించుకుని కాపురం చేస్తున్న ఇల్లాలు చట్టం కంటికి ఇల్లాలు కాకుండా పోయింది. పిల్లల వారసత్వం ప్రశ్నార్థకమైంది.

ఆ అవమానం స్త్రీలను వీధిలోకి తెచ్చింది. సెప్టెంబరులో కస్తూరిబాయి, ఆమె తోటివారు సరిహద్దు దాటి జైలుకు వెళ్లారు. మరికొందరు స్త్రీలు న్యూకాసిల్ బొగ్గు గనులకు పోయి కూలీలను పని మానమని కోరారు. మూడు పౌండ్ల పన్నుకు వ్యతిరేకంగా గనులలో మొదలైన సమ్మె చెరకు తోటలకు పాకింది. జైలులో జబ్బుపడిన పదహారేళ్ల వల్లియమ్మ 1914 ఫిబ్రవరి 22న కన్నుమూసింది. ఆ ఏడే వచ్చిన చట్టం పన్నును రద్దు చేసి, ఏకపత్నీ వివాహాలను గుర్తించింది.

అయినా పెళ్లిని రిజిస్టరు చేయించుకుంటేనే కదా రుజువు. మా అవ్వ పెళ్లి తోటలోని కూలి లైన్లలో, పందిరి కింద, పంతులుగారి మంత్రాలతో జరిగింది. కాగితం లేదు. తాత పోయిన తరువాత ఒక ఆఫీసులో గుమాస్తా ఆమెను "నువ్వు భార్యవని రుజువేది?" అని అడిగాడు. ముప్పై ఏళ్ల కాపురం ఆ మాటకు జవాబు కాలేకపోయింది. రాజకుమారుడి పెళ్లి ఫోటో చూడగానే ఆమెకు మెదిలినది ఇదే.

రాజకుటుంబంపై మనవారి అభిప్రాయం ఏనాడూ ఒకటి కాదు. 1946లో వచ్చిన భూమి చట్టం మీద సత్యాగ్రహం సాగుతూ ఉండగానే 1947లో ఆరవ జార్జి కుటుంబం ఈ దేశానికి వచ్చింది. డాక్టర్ నాయికర్, డాక్టర్ దాదూ బహిష్కారానికి పిలుపునిచ్చారు. అయినా డర్బన్ కర్రీస్ ఫౌంటెన్ మైదానానికి మనవారు వేలమంది వెళ్లారు. మా ఇంట్లోనే తాత వెళ్లలేదు, అవ్వ వెళ్లింది. ఆ రాత్రి ఇద్దరూ మాట్లాడుకోలేదట.

ఆ సంవత్సరమే నవంబరు 20న ఎలిజబెత్ పెళ్లి. గాంధీగారు తాను వడికిన నూలుతో అల్లించిన వస్త్రాన్ని కానుకగా పంపారు. పెళ్లికూతురి నాయనమ్మ మేరీ రాణి దానిని గోచీగుడ్డ అనుకుని చిన్నబుచ్చుకున్నారని అంటారు. హైదరాబాదు నిజాం పంపినది వజ్రాల హారం. అప్పటికి ఆయన ఏలుబడిలోని తెలంగాణలో మన తెలుగు రైతులు దొరలమీద తిరగబడి ఉన్నారు. ఈ రెండు కానుకల మధ్య ఎంత దూరమున్నదో చదువరులే గ్రహింతురు గాక.

తరువాత ఈ దేశం 1949లో తెల్లవారికి, ఇతర జాతులవారికి మధ్య పెళ్లిని నిషేధించింది. 1961లో రిపబ్లిక్కై రాణిని వదులుకున్నది గాని ఆ చట్టాన్ని మాత్రం 1985 దాకా వదలలేదు. 2018 మే 19న హ్యారీ యువరాజు, నల్లజాతి తల్లికి పుట్టిన మేఘన్ పెళ్లి చేసుకున్నారు. ఆ పెళ్లిని టీవీలో చూస్తూ మా పొరుగింటి పెద్దాయన, "మన దేశంలో ఒకప్పుడు వీళ్లకు జైలే" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

రిజిస్టరు కాని హిందూ పెళ్లి చేసుకున్న భార్యకు, భర్త వీలునామా లేకుండా పోతే, ఆస్తిలో వాటా ఉన్నదని డర్బన్ హైకోర్టు చెప్పినది 2008లో. అప్పటికి మా అవ్వ లేదు.

కాబట్టి అమ్మా, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. మీ ముత్తవ్వ దాసి గనుక ఆ పటం పెట్టలేదు. తన ఇంటికి, తన తాళికి ఉన్నవాడి ఇంటికి ఉన్నంత మర్యాద దక్కాలని పెట్టింది. రాజుల పెళ్లిళ్ల తేదీలు పుస్తకాలలో భద్రంగా ఉన్నవి. మన పెద్దల పెళ్లి ఏ తోటలో, ఏ సంవత్సరంలో, ఎవరి చేతిమీదుగా జరిగినదో చెప్పగలవారు తగ్గిపోతున్నారు. ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవారిని అడిగి వ్రాసి పెట్టండి.