నెత్తికి అందని వెలుగు

సోరియాసిస్‌కు కాంతి చికిత్స ఎలా వచ్చిందో మన దగ్గర రెండు రకాలుగా చెబుతారు. బావంచాలు నూరి పూసి ఎండలో కూర్చోబెట్టిన ఆయుర్వేదమే మూలమని కొందరు. 1903లో నోబెల్ అందుకున్న ఫిన్సెన్‌తో మొదలుపెట్టి దీపాలు లెక్కపెట్టేవారు ఇంకొందరు. కానీ ఫిన్సెన్ నయం చేసింది చర్మపు క్షయని. బావంచాలకు పేరొచ్చింది బొల్లి మందుగా. 1925లో తారు పూసి అతినీలలోహిత కాంతి పట్టిన వైద్యుడు గోకర్‌మాన్ దగ్గరే ఈ కథ కుదురుగా మొదలవుతుంది.

బావంచాల వాదాన్ని పూర్తిగా తోసెయ్యను. 1974లో హార్వర్డ్ వైద్యులు సోరియాసిస్ రోగులకు మాత్ర మింగించి యూవీఏ అనే అతినీలలోహిత కాంతి పెట్టారు. ఆ మాత్ర బావంచాల్లోని సోరాలెన్‌కు దగ్గరి చుట్టమే. ఆ బృందంలో భారతీయుడు మధు పాఠక్ కూడా ఉన్నారు. అయితే తెల్లమచ్చకు రంగు తేవడం వేరు, ఆగకుండా పుట్టుకొచ్చే చర్మకణాలకు కళ్లెం వెయ్యడం వేరు. పైగా ఏళ్ల తరబడి ఆ చికిత్స తీసుకున్నవారిలో చర్మ క్యాన్సర్లు పెరిగాయి.

నా లెక్కలో అసలు మలుపు 1981. ఆ హార్వర్డ్ బృందంలోని పారిష్, ఆయన సహచరుడు కాంతిని తరంగాలవారీగా విడదీసి సోరియాసిస్ మచ్చల మీద పరీక్షించారు. 290 నానోమీటర్లు, అంతకు తక్కువవి చర్మాన్ని కందించాయేగానీ మచ్చను కదిలించలేదు. 300 దాటాక, 313 వరకు, కందకుండానే పనిచేశాయి. 311 దగ్గర ఇరుకు తరంగాలతో వెలిగే ఫిలిప్స్ టీఎల్-01 గొట్టం 1988కల్లా వైద్య పత్రికలకెక్కింది. మాత్రతో పని తప్పింది.

ఇంత జరిగినా నెత్తి మిగిలిపోయింది. జుట్టు గొడుగులా అడ్డం. తిరుమల కళ్యాణకట్టలో తలనీలాలిచ్చాక పొలుసులు నెమ్మదించాయని ఎవరైనా అంటే, గుండు మీద పడ్డ ఎండకూ అందులో వాటా ఉండొచ్చు. అయితే కత్తి గాటు పడితే అక్కడే కొత్త మచ్చ లేస్తుందని వైద్యుడు కోబ్నర్ 19వ శతాబ్దంలోనే గమనించాడనుకోండి! 1997లో సోరియాసిస్‌కు వాడి చూపిన 308 నానోమీటర్ల లేజరైనా, ఇంట్లో పట్టుకునే కాంతి దువ్వెనైనా చేసేది ఒకటే: పాయ తీసి, మాడు చూసి, చుక్క చుక్కకూ వెలుగు పెట్టడం.

దీన్ని పురోగతి అనడానికి నాకు నోరు రాదు. శ్రీసిటీ ఫ్యాక్టరీలో షిఫ్టు చేసే సత్యవేడు పిల్ల మొండి చుండ్రనుకుని షాంపూలు మారుస్తుంది. రోగం పేరు తెలిశాక ఇరుకు తరంగాల చికిత్సకు వారానికి మూడుసార్లు, నెలల తరబడి తిరుపతికో చెన్నైకో వెళ్లాలి. ఆ సెలవులు ఎవరిస్తారు?