గార్దోన్ లోయ ఇండ్లలో నిలిచిన విశ్వాసము



ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగమున గార్దోన్ అను నది కలదు. అది సెవేన్ కొండలలో పుట్టి, ఆగ్నేయ దిక్కుగా ప్రవహించి, రోన్ మహానదిలో కలియును. రోమీయులు దాదాపు 2,000 సంవత్సరముల క్రిందట ఆ నదిపై కట్టిన మూడంతస్తుల రాతి వంతెన నేటికిని నిలిచియున్నది. దాని యెత్తు 49 మీటర్లు. నీమ్ పట్టణమునకు నీళ్లు తెచ్చుటకై త్రవ్విన దాదాపు 50 కిలోమీటర్ల కాలువ ఆ వంతెనమీదుగా నదిని దాటెడిది. అనేక దేశములనుండి జనులు వచ్చి దానిని చూచి వెళ్లుదురు. అయితే మనము నేడు అక్కడ ఆగక, మనస్సులో నది వెంబడి ఎగువకు నడిచి, కొండపల్లెలను చూతము. అక్కడ అంతటి కట్టడములు లేవు. చిన్న చిన్న రాతి ఇండ్లున్నవి. ఆ యిండ్లలో నూరు సంవత్సరములు దాచబడియున్న యొక సంగతి కలదు. దానిని తెలిసికొనుటయే మన పని.

మైదానము ముగిసి కొండలు మొదలగు చోట ఆందూజ్ పట్టణమున్నది. రెండు బండకొండల నడుమ నది దారి చేసికొని వచ్చు ఇరుకైన తావున నుండుటచేత దానిని సెవేన్ సీమకు ద్వారమని పిలుతురు. 1320 నాటి గడియార గోపురమొకటి అక్కడ కలదు. మెరుగు పూసిన పెద్ద మట్టి పూలకుండీలకు ఆ యూరి కుమ్మరులు పేరుపొందినవారు. పట్టణమునకు ఎగువను, సేన్-జాన్ వైపునుండి ఒకటి, మియాలె గ్రామమువైపునుండి ఒకటి, రెండు పాయలు వచ్చి కలియును. వేసవిలో పిల్లలు సహా నడిచి దాటగల ఈ యేరు, ఆకురాలు కాలపు వానలకు కొన్ని గంటలలోనే పొంగి వంతెనలను కొట్టుకొనిపోవును.

ఈ కొండలలో సమతలమైన నేల బహు తక్కువ. అందుచేత పూర్వపు రైతులు సున్నము లేకుండ రాయిమీద రాయి పేర్చి అడ్డుగోడలు కట్టి, వాటి వెనుక మట్టి నింపి, కొండవాలులను మెట్లు మెట్లుగా పొలములు చేసిరి. వాన ఆ మట్టిని క్రిందికి ఈడ్చుకొనిపోయినప్పుడు గంపల కెత్తి, వీపుమీద మోసి, మరల పైకి తెచ్చి పోసిరి. వారికి గోధుమలు చాలవు గనుక చెస్ట్‌నట్ కాయలను పొగమీద ఎండబెట్టి, చలికాలమంతయు వాటితోనే జీవించిరి. ఆ చెట్టును వారు రొట్టెచెట్టు అనిరి. 1709లో వచ్చిన భయంకరమైన చలికి ఆ చెట్లు అనేకములు చచ్చిపోగా, పట్టుపురుగుల మేతకై మల్బరీ చెట్లను విరివిగా నాటిరి. దానికి బంగారుచెట్టు అని పేరు పెట్టిరి. పట్టుపురుగుల గ్రుడ్లు పొదుగుటకు స్త్రీలు వాటిని చిన్న సంచిలో పెట్టి, తమ దేహపు వెచ్చదనము తగులునట్లు బట్టలలో ధరించిరి. చిన్నదానిని ఒంటికి హత్తుకొని కాపాడుట ఆ సీమ స్త్రీలకు అలవాటైన పని.

ఈ పల్లెలలో నడుచువానికి ఒక వింత కనబడును. ఇంటి ప్రక్కనో, పొలపు మెట్టు అంచుననో, రెండు మూడు సైప్రసు చెట్లు నిలిచియుండును. వాటి క్రింద ఆ కుటుంబపువారి సమాధులుండును. ఊరికి స్మశానముండగా వీరు తమవారిని పొలములో ఏల పాతిపెట్టిరి? దీనికి జవాబు చెప్పవలెనన్న కొంత చరిత్ర చెప్పవలెను.

1598లో 4వ హెన్రీ రాజు నాంట్ పట్టణమునందు ఒక శాసనమిచ్చి, ప్రొటెస్టెంటులు కొన్ని చోట్ల తమ ఆరాధన జరుపుకొనుటకు సెలవిచ్చెను. సెవేన్ పల్లెలలో అనేకులు ఆ మతమువారే. అయితే అతని మనుమడైన 14వ లూయీ, ఒక రాజు, ఒక ధర్మము, ఒక మతము అను తలంపుతో, ఆ స్వేచ్ఛను కొంచెము కొంచెముగా కోసివేసి, 1685 అక్టోబరులో శాసనమునే రద్దుచేసెను. ఆరాధన మందిరములు పడగొట్టబడెను. మతము మార్చుకొనని పాదుర్లు 15 దినములలో దేశము విడిచిపోవలెను. సామాన్య జనులైతే దేశము విడువనేకూడదు. పారిపోవుచు పట్టుబడిన పురుషులను రాజుగారి ఓడలలో గొలుసులతో బంధించి తెడ్లు వేయించిరి. స్త్రీలను చెరలో వేసిరి. ఇంత ప్రమాదమున్నను దాదాపు 2,00,000 మంది ఇతర దేశములకు తప్పించుకొనిపోయిరి.

మిగిలినవారి సంగతి యేమి? ఇక్కడ మనము నిజము చెప్పవలెను. వారిలో మిక్కిలి యెక్కువమంది లొంగిపోయిరి. లొంగనివారి యింట సైనికులను దింపిరి; వారు ఇంటివారి ధాన్యము తిని, సామాను పగులగొట్టి, నిద్రపోనియ్యక బాధించిరి. సైనికులు వచ్చుచున్నారన్న వార్త వినగానే ఊళ్లకు ఊళ్లు కొద్ది దినములలోనే తమ విశ్వాసమును విడిచితిమని చెప్పి సంతకములు చేసెను. ప్రభుత్వము వారికి కొత్తగా మారినవారు అని పేరు పెట్టెను. హతసాక్షుల కథలు చెప్పుకొనుటకు మనకు ఇష్టము. ఈ లోయ కథయైతే, ముందుగా తప్పిపోయినవారి కథ.

సంతకము చేసినవాడు ఇంటికి వచ్చి తలుపు వేసికొనిన తరువాత ఏమి చేసెను? అక్కడనే ఆ దాచబడిన సంగతి యున్నది. మియాలె సమీపమున మాస్ సుబేరాన్ అను చిన్న పల్లె కలదు. అందులోని యొక పాత యింటిలో 1911లో ప్రారంభింపబడిన మ్యూజియము నేటికిని నడుచుచున్నది. స్త్రీలు జుట్టుముడిలో దాచుకొనగలిగినంత చిన్న వేదగ్రంథము అక్కడ నున్నది. మడిచినయెడల ధాన్యపు పీపావలె కనబడు ప్రసంగవేదిక యున్నది. ముక్కలుగా విడదీసి దాచుకొను ప్రభుభోజనపు గిన్నెలున్నవి. సంస్కారమునకు వచ్చువాడు వేగులవాడు కాడని తెలియుటకు పెద్దలు ఇచ్చిన సీసపు బిళ్లలున్నవి. పగలు వారి బిడ్డలు రాజుగారి మతము నేర్చుకొనిరి. రాత్రి తల్లి పొయ్యి ప్రక్కను కూర్చుండి కీర్తనలు నేర్పెను. కొండలోయలలోను గుహలలోను రాత్రివేళ సంఘము కూడుకొనెను. ఇశ్రాయేలీయుల ప్రయాణమును జ్ఞాపకము చేసికొని వారు తమ సంఘమునకు అరణ్య సంఘము అని పేరు పెట్టుకొనిరి.

అయితే ఓర్పు అందరికిని నిలువలేదు. 1702 జూలైలో, కొండ కావలివైపు తార్న్ నది యొడ్డున, ప్రొటెస్టెంటులను పట్టి తన యింట బంధించిన దు షైలా అను గురువును కొందరు చంపిరి. అంతట యుద్ధము రేగెను. రైతులు, గొఱ్ఱెల కాపరులు, ఉన్ని దువ్వువారు ఆయుధములు పట్టిరి. వారికి కమిసారులని పేరు. ఆందూజ్ సమీపమున పుట్టిన జాన్ కవాలియే రొట్టెలు కాల్చు పని నేర్చుకొనిన యువకుడు. మరియొక నాయకుడైన రోలాన్ పుట్టినది మాస్ సుబేరాన్‌లోని ఆ యింటిలోనే. వారి ధైర్యము గొప్పది. కాని వారు గుడులను కాల్చిరి, గురువులను చంపిరి, ఏ పాపమెరుగని రోమను కథోలిక గ్రామస్థులను, స్త్రీలను, పిల్లలను సహా చంపిరి. రాజసేనలు అంతకంటె ఘోరముగా పగ తీర్చుకొనెను. 1703లో మియాలె జనులను ఊరినుండి లేవదీసికొనిపోయిరి. ఆ యేటి చివరను నాలుగువందలకు పైగా పల్లెలను పాడుచేసిరి. 1704లో కవాలియే సంధి చేసికొనెను, రోలాన్ చంపబడెను. రెండేండ్ల రక్తపాతము తరువాత ఒక్క మందిరమైనను మరల తెరువబడలేదు.

ఈ బూడిదలో వేరొక మార్గము పుట్టెను. 1715 ఆగస్టు 21వ తేదీన, మొనోబ్లే గ్రామ సమీపమున, దాదాపు ఇరువది యేండ్ల ప్రాయముగల ఆంట్వాన్ కూర్ అను యువకుడు కొద్దిమందిని రహస్యముగా సమకూర్చెను. వారు పెద్దలను ఏర్పరచుకొనిరి; సంఘ క్రమమును మరల నిలువబెట్టిరి; కత్తి పట్టుటను విడిచిరి. పదకొండు దినముల తరువాత 14వ లూయీ మరణించెను. తన రాజ్యములో ప్రొటెస్టెంటు సంఘమిక లేదని రాజు తలంచిన కాలముననే, ఆ సంఘము ఒక కొండమూలను మరల కట్టబడుచుండెను. అటుపిమ్మటను బోధకులు పట్టుబడి ఉరితీయబడిరి. అయినను ఉరితీయబడినవాని స్థానమునకు మరియొకడు వచ్చుచుండెను.

సభలలో పట్టుబడిన స్త్రీలను దక్షిణమున సముద్రతీర సమీపమందలి ఏగ్-మోర్ట్ పట్టణపు బురుజులో బంధించిరి. దాని గోడల మందము 6 మీటర్లు. 1730లో అక్కడికి తేబడిన మరీ డ్యూరాన్ వయస్సు 19 ఏండ్లు. ఆమె వేరొక లోయకు చెందినది. బోధకుడైన ఆమె అన్నను 1732లో ఉరితీసిరి. విశ్వాసమును విడిచితినని ఒక్క మాట చెప్పినయెడల ఆమె బయటికి పోవచ్చును. ఆమె చెప్పలేదు. 38 సంవత్సరములు గడచిన పిమ్మట, 1768లో విడుదలయ్యెను. ఆ బురుజు నేలలోని గుండ్రని రంధ్రపు రాతి అంచున, ఎదిరించి నిలువుము అను అర్థమిచ్చు ఒక్క మాట చెక్కబడియున్నది. దానిని చెక్కినది ఆమెయే అని పెద్దలు చెప్పుకొందురు.

ఇప్పుడు సైప్రసు చెట్ల సంగతి తెలియును. చట్టము దృష్టిలో ప్రొటెస్టెంటు అనువాడే లేడు. అరణ్యములో జరిగిన పెండ్లి పెండ్లి కాదు. అందు పుట్టిన బిడ్డలు న్యాయమైన సంతానము కారు. చనిపోయినవానికి ఊరి స్మశానములో చోటు లేదు. కావున తండ్రులు మోసి తెచ్చి పోసిన ఆ పొలపు మట్టిలోనే బిడ్డలు వారిని పాతిపెట్టి, గుర్తుగా చెట్టు నాటిరి. 1787లో 16వ లూయీ ఇచ్చిన శాసనముచేత వారి జననములు, వివాహములు, మరణములు న్యాయముగా వ్రాయబడుటకు సెలవు కలిగెను. 1789 విప్లవము తరువాత ఆరాధన స్వేచ్ఛయు వచ్చెను. 1823 నాటికి ఆందూజ్‌లో కట్టి ముగించిన మందిరము ఫ్రాన్సులోని ప్రొటెస్టెంటు మందిరములలో మిక్కిలి పెద్దవాటిలో ఒకటి. దానిని నింపినవారు, 1685లో భయపడి సంతకము చేసినవారి మునిమనుమల బిడ్డలు.

ఆ జ్ఞాపకము వట్టి గర్వముగా మిగిలిపోలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున యూదులను పట్టి చంపుటకు వెదకినప్పుడు, ఈ సెవేన్ పల్లెలలో అనేక కుటుంబములు వారిని తమ యిండ్లలో దాచి కాపాడెను. దాగియుండుట ఎట్టిదో ఆ యిండ్లకు తెలియును. నేడు ఏటేట సెప్టెంబరు మొదటి ఆదివారమున మాస్ సుబేరాన్ చెట్లక్రింద వేలమంది పగటివేళ, ఎవరికిని భయపడక, కూడుకొని ఆరాధించుచున్నారు.

ప్రియులారా, పేతురు చలిమంట యొద్ద తన ప్రభువును ఎరుగనని చెప్పెను. ప్రభువు అతని ఆ మాటతో విడిచిపెట్టలేదు. ఈ లోయవారినిని విడిచిపెట్టలేదు. మనలో ఒకప్పుడు ఉద్యోగమునకో, బంధువులకో, నగుబాటుకో భయపడి, చెప్పవలసిన మాట చెప్పక ఊరకుండినవారు లేరా? అట్టివాడు నేనిక పనికిరానని తలంచి కూర్చుండనక్కరలేదు. వాన మట్టిని ఈడ్చుకొనిపోయెనని సెవేన్ రైతు పొలమును విడువలేదు. గంప తీసికొని క్రిందికి దిగెను. మనమును ఈ రాత్రి మన యింటి తలుపు వేసికొనిన పిమ్మట, మన బిడ్డలను దగ్గరకు పిలిచి కూర్చుండబెట్టుకొని, ఆ పని మరల మొదలుపెట్టవచ్చును.