దత్తత తల్లిదండ్రుల కళ్లతో జాతి వివక్ష: అమెరికా అనుభవంపై ఒక పరిశీలన

అమెరికాలో తెల్లవారి ఇళ్లకు దత్తత వచ్చిన నల్లజాతి, ఆసియా పిల్లల గురించి అర్ధశతాబ్దానికి పైగా చర్చ సాగుతోంది. వాళ్లు బాగా చదువుకుంటున్నారా, ఆ ఇంట్లో కలిసిపోయారా అన్న ప్రశ్నల చుట్టూనే అది ఎక్కువగా తిరిగింది. పెంచినవాళ్లు ఏం చూశారు, ఏం నేర్చుకోవలసి వచ్చింది అన్నదానికి దక్కిన చోటు తక్కువ. బిడ్డ రంగును పట్టించుకోకపోవడమే న్యాయమనుకునే తల్లిదండ్రులు తమకు తెలియకుండానే ఆ బిడ్డను వివక్ష ముందు ఒంటరిగా నిలబెడుతున్నారన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

చట్టం నడిచిన దారి

1955లో ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన హ్యారీ, బెర్తా హోల్ట్ దంపతులు ఎనిమిది మంది కొరియా పిల్లల్ని దత్తత తీసుకోవడానికి అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. 1972లో నల్లజాతి సామాజిక కార్యకర్తల జాతీయ సంఘం నల్లజాతి పిల్లల్ని తెల్లవారికి ఇవ్వడాన్ని గట్టిగా వ్యతిరేకించింది. వివక్షను తట్టుకునే నేర్పు, దాన్ని అనుభవించిన కుటుంబంలోనే అబ్బుతుందని ఆ సంఘం వాదించింది. 1994 నాటి బహుళజాతి దత్తత చట్టం, 1996లో దానికి చేసిన సవరణ కలిసి జాతి కారణంగా దత్తతను నిరాకరించడాన్ని, ఆలస్యం చేయడాన్ని నిషేధించాయి.

ఈ నిషేధం అవసరమైనదే. రంగు కుదరలేదన్న సాకుతో ఏ బిడ్డా ఇల్లు లేకుండా పెరగకూడదు. అయితే వివక్షను అనుభవించని కుటుంబం దాన్ని తట్టుకునే నేర్పును ఎలా ఇస్తుందన్న, 1972 నాటి వాదనలోని అసలు ప్రశ్నకు జవాబు దొరకలేదు. దేశాల మధ్య దత్తతలకు సంబంధించిన హేగ్ ఒప్పందం కింద విదేశీ బిడ్డను తెచ్చుకునేవారికి 2008 నుంచి కనీసం 10 గంటల శిక్షణ తప్పనిసరి. బహుళ సంస్కృతుల కుటుంబంగా మారడం గురించి కూడా అందులో చెబుతారు. దేశంలోనే నల్లజాతి బిడ్డను దత్తత తీసుకునే తెల్ల దంపతులకు మాత్రమే అలాంటి షరతు పెట్టడం 1996 తర్వాత కుదరదు. నేర్చుకునే భారమంతా తల్లిదండ్రుల మనస్సాక్షికే మిగిలింది.

గడప దాటాక

సూపర్‌మార్కెట్‌లో బిల్లు కట్టే వరుసలో ముక్కూమొహం తెలియనివాళ్లు, ‘ఈ పాప మీ సొంత పాపేనా?’, ‘ఎంత ఖర్చయింది?’ అని బిడ్డ వింటుండగానే అడుగుతారు. అడిగినవారికి దురుద్దేశం లేకపోవచ్చు. తను ఈ ఇంటిది కాదన్న మాట మాత్రం ఆ పసిమనసులో పడుతుంది. అక్కడ తల్లి చెప్పే జవాబు అడిగినవారికంటే బిడ్డకే ముఖ్యం.

జుట్టు మరో పాఠం. బిగువైన ఉంగరాల జుట్టును పొడిగా ఉండగా కుదుళ్ల నుంచి దువ్వితే తెగిపోతుంది. తడిపి, కండిషనర్ పట్టించి, పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీయాలి. ఇది తెలియని తల్లి బిడ్డను నల్లజాతివారి సెలూన్‌కి తీసుకెళ్తుంది. గంటల తరబడి జడలు అల్లుతున్నంతసేపూ ఆ గదిలో తెల్లమనిషి తనొక్కతే. తన బిడ్డ రోజూ తరగతిలో అలాగే కూర్చుంటోందని ఆమెకు తెలిసివచ్చేది అప్పుడే. నల్లజాతివారి జుట్టు తీరును బట్టి వివక్ష చూపడాన్ని నిషేధిస్తూ కాలిఫోర్నియా 2019లో చట్టం చేసింది. జడ ఒక ఇంటి విషయం మాత్రమే కాదనడానికి ఇదే సాక్ష్యం.

చిన్నతనంలో తెల్లవారి చెయ్యి పట్టుకుని నడిచే బిడ్డకు వాళ్ల గౌరవమే గొడుగు. మీసాలొచ్చే వయసులో ఒక్కడే దుకాణంలోకి వెళ్తే ఆ గొడుగు ఉండదు. సెక్యూరిటీ గార్డు వెనకే వస్తాడు. 2012లో ఫ్లోరిడాలో 17 ఏళ్ల ట్రేవాన్ మార్టిన్, 2014లో క్లీవ్‌లాండ్‌లో బొమ్మ తుపాకీ పట్టుకున్న 12 ఏళ్ల తమీర్ రైస్ తూటాలకు బలయ్యారు. పోలీసులు ఆపితే చేతులు ఎక్కడ ఉంచాలో, జేబులోకి ఎందుకు పోనివ్వకూడదో నల్లజాతి ఇళ్లలో తరతరాలుగా చెబుతూనే ఉన్నారు. తెల్ల తండ్రికి ఆ పాఠం తన పెద్దల నుంచి అందలేదు.

ముగింపు

ఇవాన్ బి. డొనాల్డ్‌సన్ దత్తత సంస్థ 2009లో వెలువరించిన అధ్యయనంలో, కొరియా నుంచి వచ్చి పెరిగి పెద్దవారైన వారిలో ముప్పాతిక మందికి పైగా చిన్నప్పుడు తమను తెల్లవాళ్లుగా భావించుకున్నామనో, తెల్లవాళ్లమైతే బాగుండునని కోరుకున్నామనో చెప్పారు. ప్రేమ తక్కువై కలిగిన కోరిక కాదది. తమలాంటి మొహం చుట్టుపక్కల కనిపించక పుట్టినది. ఏడాదికోసారి కొరియా వంట వండితే ఆ కొరత తీరదు. ఏ పేటలో ఉండాలి, ఏ బడిలో వేయాలి, ఇంటికి భోజనానికి ఎవరిని పిలవాలి అన్నవి బిడ్డ రాకముందే తల్లిదండ్రులు తేల్చుకోవాలి. దత్తత కోరే ప్రతి ఒక్కరికీ, జాతితో నిమిత్తం లేకుండా, వివక్షపై శిక్షణ ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డుకాదు. బిడ్డను తమ లోకంలోకి తెచ్చుకున్నవారు బిడ్డ లోకంలోకి తామూ వెళ్లవలసిందే. ఆ పని పెద్దలది, పిల్లలది కాదు.